విలియం విథరింగు వైద్యుని జీవితము

లోకమునకు మేలుచేసిన వైద్యులలో కొందఱు క్రొత్త మందులను కనుగొనిరి. మఱికొందఱు పల్లెప్రజలెఱిగిన పాత మందునకే సరియైన కొలతను నిర్ణయించి, విషమును ఔషధముగా మార్చిరి. ఈ రెండవ తెగవారిలో అగ్రగణ్యుడు విలియం విథరింగు. గుండెజబ్బునకు రెండు శతాబ్దములకు పైగా వైద్యులు వాడుచు వచ్చిన డిజిటాలిస్ అను మందు ఈయన పరిశ్రమ వలననే వైద్యశాస్త్రమున స్థిరమైన స్థానమును పొందెను. అదే మందు మూర్ఛరోగమునకు కూడ పనికివచ్చునా అను ప్రశ్న ఈయన గ్రంథమునందే కానవచ్చుచున్నది. ఆ ప్రశ్నకు నేటికిని తుది సమాధానము దొరకలేదు. కావున ఈ మహనీయుని చరిత్రము మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియదగినది.

విలియం విథరింగు 1741వ సంవత్సరము మార్చి 17వ తేదీన, ఇంగ్లండు దేశమున ష్రాప్‌షైరు మండలములోని వెల్లింగ్టను అను చిన్నపట్టణమున జన్మించెను. తండ్రియగు ఎడ్మండు విథరింగు మందులు నూఱి అమ్ముచు రోగులకు చికిత్స చేయుచుండెను. బాలుడగు విలియం తండ్రిచెంతనే ఆ వృత్తిలోని మొదటి పాఠములను నేర్చి, 1762లో స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అచ్చట నాలుగేండ్లు చదివి, 1766లో వైద్యపట్టమును పొందెను. ఆ దినములలో వైద్యవిద్యార్థులు వృక్షశాస్త్రమును తప్పక చదువవలసియుండెను. మొక్కలను బాగుగా సేకరించినవానికి ఆచార్యుడు బంగారు పతకము నిచ్చుట వాడుక. ఆ పతకము కూడ తనకు ఆ చదువుమీది విముఖతను పోగొట్టజాలదని విథరింగు తలిదండ్రులకు వ్రాసెనట. మొక్కల చదువు రుచింపని ఈ యువకుడే తరువాతి కాలమున ఒక మొక్కవలన చిరకీర్తిని పొందుట విచిత్రము కదా!

పట్టము పొందిన పిమ్మట విథరింగు స్టాఫర్డు పట్టణమున వైద్యుడుగా నుండి, అచ్చటి క్రొత్త ఆసుపత్రిలో రోగులను చూచుచుండెను. ఆయన చికిత్సకు వచ్చినవారిలో హెలినా కూక్సు అను కన్యక యొకతె యుండెను. ఆమె పూవులను చూచి చిత్రములు వ్రాయుటయందు నేర్పరి. ఆమె చిత్రించుటకై వైద్యుడు పొలముగట్లవెంట తిరిగి మొక్కలను తెచ్చి యిచ్చుచుండెను. ఇట్లు ఒకప్పుడు వెగటైన విద్య ఆయనకు క్రమముగా ప్రీతిపాత్రమయ్యెను. 1772లో వారిరువురకు వివాహమయ్యెను.

1775లో బర్మింగుహాము నగరమున పేరుగాంచిన వైద్యుడొకడు మరణింపగా, ఎరాస్మస్ డార్విన్ అను వైద్యుని సలహాచే విథరింగు ఆ నగరమునకు తరలెను. అది ఆవిరియంత్రములును, కర్మాగారములును క్రొత్తగా తలయెత్తుచున్న కాలము. మన సత్యవేడు, తడ ప్రాంతములలో నిన్నమొన్నటి మెట్టపొలముల నడుమ శ్రీ సిటీ వెలసినట్లే, ఆ కాలమున బర్మింగుహాము పల్లెలనుండి కూలికి వచ్చిన జనముతో నిండుచుండెను. జేమ్సు వాటు, బోల్టను, ప్రీస్ట్లీ మున్నగు మేధావులు నెలకొకమాఱు పున్నమికి చేరువగా కూడి శాస్త్రచర్చలు చేయుచుండిరి. తిరిగి యింటికి పోవునపుడు వెన్నెల దారి చూపునని ఆ దినమును ఏర్పఱచుకొనిరి. అందుచే ఆ కూటమికి చంద్రసంఘమని పేరు వచ్చెను. విథరింగు అందొక సభ్యుడయ్యెను. ధనికుల వైద్యమువలన ఆయనకు మిక్కిలి ఆదాయము వచ్చుచుండినను, ఏటేట రెండుమూడు వేలమంది బీదలకు ఉచితముగా సలహాలిచ్చుచుండెను. 1776లో బ్రిటను దేశపు మొక్కలన్నిటిని క్రమముగా వర్ణించు గ్రంథమును ఆంగ్లభాషలో ప్రకటించెను. పొలములలో మొక్కలను పరిశీలించువారికై జేబులో పట్టు చిన్న సూక్ష్మదర్శినిని కూడ కల్పించెను.

ఇక ఆయన జీవితమునందలి ముఖ్యకార్యమును చెప్పుదము. 1775లో ఆయన మిత్రులు ఒక కుటుంబమున వాడుకలోనున్న మందుచీటిని చూపి అభిప్రాయమును కోరిరి. ష్రాప్‌షైరులోని ఒక ముసలమ్మ ఆ మందును చిరకాలము రహస్యముగా నుంచుకొని, దేహము నీరుపట్టి ఉబ్బిన రోగులకు ఇచ్చుచుండెనట. పట్టభద్రులైన వైద్యులు చేతులెత్తివేసిన రోగులు కూడ కొందఱు ఆమె మందుచే లేచి తిరిగిరట. ఆ చీటిలో ఇరువదికి పైగా ఆకులలములుండెను. చదువుకొన్న వైద్యుడొకడు చదువురాని ముసలమ్మ మందును చూచి నవ్వి ఊరకుండవచ్చును. విథరింగు అట్లు చేయలేదు. వృక్షశాస్త్రము నెఱిగినవాడగుటచే ఆ ఇరువదింటిలో గుణమునకు కారణమైనది ఫాక్సుగ్లోవు ఒక్కటియే యని గుర్తించెను. ఊదావన్నెగల గంటలవంటి పూవులు ఒకే కాడకు వరుసగా వ్రేలాడు ఆ మొక్కకు శాస్త్రజ్ఞులు డిజిటాలిస్ అని పేరిడిరి.

అంతలో ఆక్సుఫర్డులోని ఒక కళాశాల ప్రధానాచార్యుడు, గొప్ప వైద్యులు ఆశ వదలుకొన్న తరువాత, ఈ మొక్క వేరుచే రొమ్మునందలి నీరు తొలగి బ్రతికెనను వార్త మిత్రుడొకని వలన విథరింగునకు తెలిసెను. ఆయన ఉత్సాహము ఇనుమడించెను. అయినను తొందరపడలేదు. వేరు ఋతువునుబట్టి బలము మాఱునని తలంచి ఆకునే ఎన్నుకొనెను. ఆకు బలము సైతము ఏడాది పొడవున ఒక్కటిగా నుండదని తెలిసి, మొక్క పూచు సమయముననే ఆకులను కోయించెను. మొదట కషాయము కాచి యిచ్చెను; ఎక్కువగా మఱిగించిన బలము తగ్గునని తెలిసికొని, వేడినీట నానవేసిన ఆకురసమును, పిమ్మట ఎండిన ఆకు పొడిని వాడెను. తుదకు పెద్దవారికి ఒకటి మొదలు మూడు గ్రెయినుల పొడిని దినమునకు రెండుమాఱులు ఇచ్చుట చాలునని నిర్ణయించెను. ఒక గ్రెయిను నేటి లెక్కలో సుమారు 65 మిల్లీగ్రాములు. మొదట వాంతులు, విరేచనములు కలిగినగాని మందు పనిచేయలేదని ఆయన భావించి పెద్ద మోతాదుల నిచ్చెను. తరువాత అవి విషలక్షణములని గ్రహించి, మూత్రము సాఫీగా జాఱుట గాని, నాడి నెమ్మదించుట గాని, కడుపులో వికారము గాని కనబడినతోడనే మందు నిలుపవలెనను నియమము నేర్పఱచెను.

కొలత తెలియని మందు ఎంత ప్రమాదమో తెలుపు సంగతి నొకదానిని ఆయన తన గ్రంథమున వ్రాసియున్నాడు. యార్కుషైరునుండి వచ్చిన వర్తకుడొకడు ఎడతెగక వాంతులు చేసికొనుచు, కన్ను సరిగా కానక, నిమిషమునకు నలువదిమాఱులు మాత్రమే కొట్టుకొను నాడితో పడియుండగా విథరింగును పిలిపించిరి. విచారింపగా, అతని భార్య భర్త ఉబ్బసమును కుదుర్చవలెనను ప్రేమతో గుప్పెడు పచ్చియాకును అరపైంటు నీటిలో ఉడికించి, ఆ నీటినంతయు ఒక్కమాఱుగా త్రాగించినట్లు తేలెను. ఆ యిల్లాలు మందు నెఱుగును గాని మోతాదు నెఱుగదు. ఆమె భర్త చావు తప్పి బయటపడెను.

పదియేండ్లు ఇట్లు రోగులను పరీక్షించిన పిమ్మట 1785లో విథరింగు ఫాక్సుగ్లోవును గుఱించిన గ్రంథమును ప్రకటించెను. అప్పటికి ఆ మందు పేరు నలుదిక్కుల ప్రాకి, అనేకులు హెచ్చు మోతాదుల నిచ్చి రోగులను బాధించుచుండిరి. ఇట్లే సాగినయెడల మంచి మందు చెడ్డపేరుతో మూలబడునని ఆయన భయపడెను. ఆ గ్రంథమున 163 మంది రోగుల వృత్తాంతములు గలవు. గుణము పొందినవారితోపాటు గుణము పొందనివారిని, మందువలన బాధపడినవారిని, మరణించినవారిని కూడ ఆయన వరుసగా పేర్కొనెను. జయములను మాత్రము ఏఱి చూపినయెడల తన పేరు వెలుగునని ఆయన ఎఱుగును. అట్లు చేయుట సత్యమునకును శాస్త్రమునకును ద్రోహమని తలంచి, చీకటిపుటలను సైతము అచ్చువేసెను. ఈ మందునకు గుండె కదలికపై మఱి యే మందునకును లేని అధికారము గలదని వ్రాసెను గాని, దేహము నీరుపట్టుటకు గుండె బలహీనతయే పలుమాఱులు మూలమని ఆయన కాలమున ఇంకను తేటపడలేదు.

ఆ గ్రంథమునందే మూర్ఛరోగప్రసక్తి గలదు. విథరింగునకు నూఱేండ్లకు పైగా ముందు, 1640లో అచ్చయిన పార్కిన్సను అను మూలికావేత్త పుస్తకములో ఫాక్సుగ్లోవు మూర్ఛకు మందుగా చెప్పబడియుండెను. విథరింగు తన చేతిమీదుగా చూచిన కొలది రోగులనుబట్టి, దేహమున నీరుచేరుటతో కూడి వచ్చిన మూర్ఛలకు ఈ మందు మేలుచేసెనని వ్రాసెను. ఇతరవిధములైన మూర్ఛల విషయమున మాత్రము తాను చాలినంత పరీక్ష చేయలేదు గనుక ఏమియు నిర్ణయింపజాలనని అంగీకరించెను. పేరుపడిన వైద్యుడు, తన సొంతమందును గుఱించి, తనకు తెలియదని అచ్చులో ఒప్పుకొనుట సామాన్యమైన సంగతి కాదు. సంతలో మందులమ్మువాడు సర్వరోగములను ఒక్క చూర్ణముతో కుదుర్తుననును. విథరింగు తన తెలివికి ఎల్ల నిర్ణయించి, ఆ యెల్లకు ఆవలి పొలమును రాబోవువారికి విడిచెను.

కీర్తి వెంట కలహమును వచ్చెను. ఎరాస్మస్ డార్విన్ 1780లో, చనిపోయిన తన కుమారుని రచనకు అనుబంధముగా ఫాక్సుగ్లోవు చికిత్సను వర్ణించి, తనకు ఆ మందును చూపిన విథరింగు పేరైన తలపకపోయెను. ఒకనాడు తనను బర్మింగుహామునకు రప్పించిన మిత్రునితోడనే విథరింగునకు వైరము కలిగెను. ఇరువురును గొప్పవారే. ఒకరి శ్రమను ఇంకొకరు పేరెత్తి చెప్పకుండుటచే ఎంతటి స్నేహమైనను చెడునని దీనివలన తెలియుచున్నది.

1785లోనే ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఖనిజశాస్త్రమందును ఆయనకు ప్రవేశముండెను. ఆయన పరీక్షించి తెలిపిన బేరియము ఖనిజమునకు జర్మను పండితుడగు వెర్నరు విథరైటు అని పేరుంచెను. 1791 జూలైలో బర్మింగుహామున ప్రీస్ట్లీపై కోపించిన అల్లరిమూకలు అనేకుల యిండ్లు తగులబెట్టి, విథరింగు నివసించు ఎడ్జిబాస్టను భవనమును కూడ ముట్టడించెను. సైనికులు వచ్చుచుండుటచే ఆ యాపద తప్పెను. అప్పటికే క్షయరోగము ఆయన ఊపిరితిత్తులను పట్టియుండెను. రెండు శీతకాలములు పోర్చుగలు దేశమున గడపి, అచ్చట విశ్రాంతి గైకొనుటకు మాఱుగా వేడినీటి ఊటలను రసాయనపరీక్ష చేసెను. 1799 అక్టోబరు 6వ తేదీన, 58 ఏండ్ల వయస్సున కాలధర్మము నొందెను. ఎడ్జిబాస్టను పాత దేవాలయముననున్న ఆయన స్మారకఫలకముపై ఫాక్సుగ్లోవు పూవు చెక్కబడియున్నది.

ఆయన విడిచిన పని ఆయన తరువాత నిలిచిపోలేదు. 1930లో సిడ్నీ స్మిత్ అను రసాయనవేత్త మఱియొక జాతి ఫాక్సుగ్లోవు ఆకునుండి డిగాక్సిన్ అను శుద్ధమైన సారమును వేఱుపఱచెను. ఆకుపొడివలె ఏటికొకరీతి మాఱక, ఈ మాత్ర ఎల్లప్పుడు ఒకే బలము గలిగియుండును. 1997లో ప్రకటితమైన పెద్దపరీక్షయందు గుండె బలహీనపడిన 6,800 మందిని చేర్చుకొని, సగముమందికి డిగాక్సినును, సగముమందికి మందులేని ఉత్తమాత్రను ఇచ్చి చూచిరి. మరణముల సంఖ్య తగ్గలేదు. ఆసుపత్రిలో చేరవలసిన అగత్యము తగ్గెను. రెండువందల యేండ్లు వాడిన మందును గుఱించి కూడ ఇట్టి పరీక్షచేసినగాని నిజము తెలియలేదు.

మూర్ఛకు వేఱు మందులు వచ్చెను. 1857లో లోకాక్ అను వైద్యుడు బ్రోమైడు ఉప్పును గుఱించి చెప్పెను. 1912లో హాప్టుమన్ ఫినోబార్బిటోనును, 1938లో మెరిటు, పుట్నం అనువారు ఫెనిటాయినును తెచ్చిరి. తరువాత ఇంకను అనేకములు వచ్చెను. అయినను మూర్ఛరోగులలో ఇంచుమించు మూడవవంతుమందికి ఎన్ని మాత్రలు మ్రింగినను మూర్ఛలు పూర్తిగా అణగుట లేదు. ప్రపంచమున సుమారు 5 కోట్లమందికి ఈ రోగము గలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది గనుక, ఆ మూడవవంతు ఎంత పెద్దసంఖ్యయో మన బాలురు లెక్కకట్టగలరు.

అట్టివారికొఱకే గుండెమందులను మూర్ఛమందులకు తోడుగా ఇచ్చి చూచు ప్రయత్నములు జరుగుచున్నవి. గుండెయు మెదడును వేఱు వేఱు అవయవములైనను, రెండును విద్యుత్తువంటి సంచలనముచేతనే పనిచేయును. సోడియము, పొటాసియము, కాల్షియము అను లవణధాతువులు కణముల లోనికిని వెలుపలికిని పోవుటవలన ఆ సంచలనము కలుగును. డిగాక్సిన్ సోడియము, పొటాసియములను తోడు పంపును అణచును. వెరాపమిల్ అను మఱియొక గుండెమందు కాల్షియము చొచ్చు ద్వారమును ఇఱుకుచేయును. మెదడులోనికి చేరిన మూర్ఛమందును బయటికి నెట్టివేయు కావలివంటి పదార్థమొకటి కణములందు గలదు. వెరాపమిల్ ఆ కావలిని అడ్డుననియు, అందుచే మూర్ఛమందు మెదడున నిలుచుననియు కొందఱి ఊహ. ఉక్రెయిను దేశమున ఖార్కివ్ నగరపు పరిశోధకులు 2020లో ప్రకటించిన ప్రయోగములలో, స్వల్పమైన డిగాక్సినును తోడుచేయగా చిట్టెలుకలయందు కొన్ని మూర్ఛమందుల బలము హెచ్చెను. వెరాపమిలును పెక్కు దేశములలో కొలదిమంది రోగులకు తోడుమందుగా ఇచ్చి చూచిరి. కొందఱికి మూర్ఛలు తగ్గెను, కొందఱికి తగ్గలేదు. ఇంతవఱకు జరిగిన పరీక్షలు చిన్నవి.

ఇట్టి పరీక్షయందు మోసపోవుట సులభము. వెరాపమిల్ కార్బమజెపీన్ అను మూర్ఛమందు నెత్తుటిలో పేరుకొనునట్లు చేయును. అప్పుడు మూర్ఛలు తగ్గినయెడల అది గుండెమందు గుణమో, పాతమందే హెచ్చుటవలని ఫలమో చెప్పుట కష్టము. డిగాక్సినునకు తోడు వెరాపమిల్ ఇచ్చినయెడల డిగాక్సిన్ నెత్తుటిలో హెచ్చి విషము కాగలదు. మూర్ఛలు ఏమియు చేయకయే కొన్ని మాసములు తగ్గుటయు గలదు. కావుననే వైద్యులు పాతమందును నిలుపక, మూర్ఛలను దినదినము పుస్తకమున లెక్కవ్రాయించి, రోగులను చీట్లువేసి రెండు తెగలుగా విభజించి, ఎవరికి నిజమైన మందు దొరకినదో రోగికిగాని వైద్యునికిగాని తెలియనీయక, నెత్తుటిలో మందును కొలిచి, తుదకు రెండు తెగలను పోల్చి చూతురు. విథరింగు తన 163 మందిని దాచక వ్రాసిన నిజాయితీయే నేడు ఇట్టి నియమముల రూపమును దాల్చినది.

ఈ సంగతి మనకు దూరము కాదు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతముల దొడ్లయందును, గుళ్లయందును పెరుగు గన్నేరు, పచ్చగన్నేరు చెట్లలో డిజిటాలిస్‌ను పోలిన విషమే యున్నది. గన్నేరుపప్పు తిని ప్రాణములు కోల్పోయిన వార్తలు మన పల్లెలలో వినని వారెవరు? అట్టి చెట్టు వేరునో ఆకునో ఎవరో మూర్ఛకు మందనిరని నూఱి యిచ్చుట, యార్కుషైరు ఇల్లాలు చేసిన పనికంటె ప్రమాదకరము. మందు పేరు చెప్పక పొట్లము కట్టి యిచ్చువానిని నమ్మి, వైద్యుడిచ్చిన మాత్రలను ఒక్కమాఱుగా మాన్పించు తలిదండ్రులు నేటికిని కలరు. అట్లు హఠాత్తుగా మానినయెడల మూర్ఛపై మూర్ఛ వచ్చి ప్రాణమే పోవచ్చును. మన పొరుగుననున్న రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలయందు 1949లో జేకబ్ చాందీ నాడీశస్త్రచికిత్సా విభాగమును స్థాపించినది మొదలు, మన జిల్లాలవారికి మూర్ఛకు తగిన వైద్యము చేరువలోనే దొరకుచున్నది. తిరుపతిలోని స్విమ్సునందును నరముల వైద్యులు కలరు.

బాలబాలికలారా, మీ తరగతిలో ఎవరికైనను మూర్ఛ వచ్చినయెడల భయపడి పరుగెత్తకుడు. అది గాలియు కాదు, దయ్యమును కాదు, అంటురోగమును కాదు. చేతిలో తాళపుచెవి పెట్టకుడు. నోటిలో ఏమియు దూర్చకుడు. గట్టిగా అదిమి పట్టకుడు. చుట్టునున్న బల్లలను, రాళ్లను తొలగించి, తలక్రింద మెత్తని బట్ట నుంచి, కుదుపులు ఆగినతోడనే ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. గడియారము చూడుడు, అయిదు నిమిషములు దాటినయెడల ఉపాధ్యాయులతో చెప్పి 108 బండిని పిలిపింపుడు. తెలివి వచ్చిన పిమ్మట ఆ బాలుని వెక్కిరింపక, మునుపటివలెనే ప్రక్కన కూర్చుండనిండు.

మీలో కొందఱు వైద్యులు, నర్సులు, శాస్త్రజ్ఞులు కాగలరు. పల్లెలోని ముసలమ్మ మాటను తీసివేయకుడు, పరీక్షింపక నమ్మనూవలదు. కొలిచినదానిని వ్రాయుడు, ఓడినదానిని దాచకుడు, తెలియనిదానిని తెలియదనుడు. విథరింగు మూర్ఛనుగుఱించి విడిచిన ప్రశ్నకు సమాధానము వ్రాయు చేయి మన పాఠశాలలో ఏదో ఒక బల్లవద్ద ఇప్పుడు పలకపై అక్షరములు దిద్దుచుండవచ్చును.